ఏటి ఒడ్డు చక్కరు

కిరసనాయిలు గుడ్డతో సైకిలు చువ్వలు తుడుస్తున్నాను. మా ఇంట్లో సైకిలు ఎక్కేది ఆయన, తుడిచేది నేను. ఒకసారి దాన్ని గోడకు ఆనించబోతూ హ్యాండిలు పట్టుకుని నాలుగడుగులు ఎక్కువ నడిపించానని మా అత్త బక్కమ్మ అరుగు మీంచి, "ఏందే, కచేరికి ఇగ నువ్వే పోతవా?" అని నవ్వి, ఆ మాట వాడకట్టంతా చెప్పుకొచ్చింది. అప్పటి నుంచి తుడవడం వరకే నా పని.

ఆ పొద్దున మా ఆయన జంగయ్య వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. తాలూకా కచేరిలో గుమాస్తా ఆయన. నా పక్కన కూర్చున్నాడంటే ఏదో అవసరం పడిందన్నమాటే.

"ఇగో, మీ ఏటి ఒడ్డుకు సైకిల్ మీద పోయి, ఒక్క పొద్దుల చక్కర్ కొట్టి రావాలంటె ఏ తొవ్వ మంచిగుంటది?"

గుడ్డ చేతిలోనే ఆగిపోయింది. పెళ్ళయి పన్నెండేళ్ళు. అంగీ ఎక్కడుంది, కూరలో ఉప్పెందుకు ఎక్కువైంది అనేవి కాక ఆ మనిషి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. నేనేదన్నా చెప్పబోతే "నీకేమెరుక" అనేవాడు. అత్త అదే మాట, మరిది అదే మాట. చివరికి మా దగ్గర పాలు కొనుక్కుపోయే మనిషి కూడా అదే నేర్చుకున్నాడు.

నైజాం పోయి యూనియన్ వచ్చిన రెండో ఏడు అది. రజాకార్ల బాధ తీరింది గాని, సంఘపోళ్ళ కోసం, అదే కమ్యూనిస్టుల కోసం, పోలీసులు గుట్టలూ అడవులూ గాలిస్తూనే ఉన్నారు. సముద్రం పక్క జిల్లా నుంచి కచేరికి కొత్త అధికారి వచ్చాడు, అందరూ సాబు అంటారు. సొంతూళ్ళో ఆదివారం వస్తే సముద్రం ఒడ్డున సైకిలు తొక్కేవాడట. ఇక్కడి రాళ్ళు చూసి చూసి విసుగెత్తి, "సముద్రం లేకపోతే పోనీ, కృష్ణ ఒడ్డయినా చూపించవయ్యా" అన్నాడట. ఆయాసం రాకూడదు. పోయిన దారిన తిరిగి రాకూడదు. పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి. ఏటి పక్క ఒక్క ఊరు కూడా సరిగ్గా తెలియని మా ఆయన "దానికేముంది సార్" అని ఒప్పుకుని వచ్చాడు.

నేను పుట్టింది ఏటిగడ్డలో, నందికొండకు ఎగువన. చిన్నప్పుడు ఆ ఒడ్డు వెంట నేను తిరగని జాగా లేదు. లేచి, చేతులు కడుక్కుని, సుద్దముక్క తెచ్చి వంటింటి బండ మీద గీత గీశాను.

సైకిలు ఎక్కనిదాన్ని. అయినా బండి చక్రం ఎక్కడ దిగబడుతుందో తెలుసు, అక్కడ సైకిలూ దిగబడుతుంది. ఏ మెట్ట చెలకలో పల్లేరు ముళ్ళు ఉంటాయో నా అరికాళ్ళకు తెలుసు, అటు పోతే ట్యూబు నిలవదు. పొద్దున గుట్ట వారగా పోతే ఎండ వీపున ఉంటుంది. ఆరు కోసులు పోయాక పుట్టి దాటే రేవు దగ్గర చింతల నీడ, పక్కనే తియ్యటి నీళ్ళ చెలిమ. అక్కడ అన్నం తిని, ఒడ్డు వెంట గట్టి నేల మీద రెండు కోసులు తొక్కితే పక్కన నీళ్ళు మెరుస్తూ ఉంటాయి. అక్కడి నుంచి లోపలికి తిరిగితే ఇంటి దాకా పెద్ద ఎక్కుడు లేదు. చెబుతూంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కాగితం మీద రాసుకుంటున్నాడు, నేను చెప్పింది రాసుకుంటున్నాడు! ఆ సంబరం ఎంతటిదో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తెలియక చెప్పానని అనలేను. మా ఊరి కాపరి బీరన్న గొర్ల మంద ఆ పక్కనే ఉంటుందని నాకు తెలుసు. మాఘంలో కోతలు కాగానే బీరన్న మందను ఎరువు కోసం రైతుల చెలకల్లో నిలుపుతాడు. వంతుల లెక్క, ఒక్కో చెలకలో మూడేసి రోజులు. ఆ మందలో గొంగళ్ళు కప్పుకుని సంఘపోళ్ళు కూడా తిరుగుతున్నారని బీరన్న పెండ్లాం భద్రమ్మ నాతో చెప్పింది. మా నాయిన చనిపోయిన రోజు, నన్ను కావలించుకుని ఏడుస్తూ, చెవిలో చెప్పింది. చిన్నప్పుడు నాకు గొర్రెపాలు తాగించిన మనిషి.

అందుకే వేళ్ళ మీద లెక్క వేశాను. మొదటి వంతు మా నాయిన చెలకది. తర్వాత పెద్దులుది, ఆ తర్వాత గుట్ట మీది గుర్వయ్యది, ఆఖరికి ఏటి ఒడ్డున లచ్చయ్యది. సాబు పోయే ఆదివారం, మంద చెలకల్లో దిగాక తొమ్మిదో రోజు. అంటే మంద గుర్వయ్య చెలకలో ఉంటుంది. ఒడ్డు వెంట పోయేవాళ్ళకు గుట్ట మీది మంద కనబడదు. లెక్క కుదిరిందని ఎంత పొంగిపోయానో! అటు మొగుడికి పనికొచ్చాను, ఇటు భద్రమ్మనూ కాపాడాను అనుకున్నాను.

శనివారం సజ్జరొట్టెలు కాల్చాను, పులిహోర కలిపాను, పెరుగన్నం మూట కట్టాను. సాబుకు, మా ఆయనకు, వెంట వచ్చే ఇద్దరు పోలీసులకు.

ఆదివారం పొద్దుగూకకముందే మా ఆయన తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. కాళ్ళకు నీళ్ళిస్తుంటే చెప్పుకొచ్చాడు.

"సాబు ఏమన్నడో తెల్సా? 'మా సముద్రం ఒడ్డున కూడా ఇంత హాయిగా తొక్కలేదు జంగయ్యా, దారి ఎవరు చెప్పారు?' అన్నడు. నేనే సార్ అన్న."

నేనే అన్నాడట. అది వినీ నేను లోపల్లోపల మురిశాను. చెంబు కింద పెడుతుంటే వెనక నుంచి అన్నాడు: "మన పోలీసోళ్ళు పాలకని మందకాడికి పోతే, ఒకని మణికట్టు మీద గడియారం గుర్తు కనబడ్డదట. గొర్లకాపరికి గడియారమేంది? ముగ్గుర్ని పట్టుకున్నరు."

"ఏ మంద?"

"ఏ మందేంది? ఏటి ఒడ్డున, లచ్చయ్య చెలకల. అండ్ల బీరన్న గూడ ఉన్నడు."

నాలుగో రోజు బీరన్న శవాన్ని ఇచ్చారు. పారిపోబోతే కాల్చామన్నారట. పుట్టి బుద్ధెరిగాక పరుగెత్తి ఎరగని మనిషి బీరన్న, ఎడమ కాలు కుంటి.

లెక్క ఎక్కడ తప్పిందో తర్వాత తెలిసింది. మా నాయిన పోయాక తమ్ముడు ఆ ఏడు చెలకను బీడు పెట్టాడట. బీడుకు ఎరువెందుకు? మా ఇంటి వంతు ఎత్తేశారు. వంతులన్నీ మూడు రోజులు ముందుకు జరిగాయి. నాకెవరూ చెప్పలేదు. నాయిన పోయిన రోజు కూడా పొద్దుగూకేసరికి తిరిగొచ్చాను. "నువ్వు ఆడ కూసుంటే ఈడ బర్రెను పిండేదెవరు?" అని అత్త కబురు పంపింది. మళ్ళీ పోనివ్వలేదు. లేని మా వంతును నేను ఇంకా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను.

కానీ అత్త పోనివ్వలేదనీ, తమ్ముడు చెప్పలేదనీ ఎంత సర్దిచెప్పుకున్నా పిండి కలిపేటప్పుడు చేతులు ఆగిపోయేవి. పన్నెండేళ్ళుగా అందరూ నీకేమెరుక అంటూనే ఉన్నారు కదా, ఆ ఒక్కరోజు నాకు తెలియదని నేనే అని ఉంటే? బీరన్న బతికుండేవాడు. ఆ మాట నోట రాలేదు. సుద్దముక్క కోసం పరుగెత్తాను.

ఒకరోజు తట్టుకోలేక ఆయనతో అన్నాను. "బీరన్న పానం నా వల్లనే పోయింది."

అన్నం కలుపుతున్నవాడు నవ్వాడు. "నీ వల్లనా? నీకేమెరుక, ఊకో. తొవ్వ కాయిదం మీద రాసింది నేను, తీస్కపోయింది నేను. నువ్వు ఇంట్ల పొయ్యికాడున్నవ్. నువ్వేం జేసినవ్?"

నన్ను ఓదార్చాననే అనుకున్నాడు పాపం. మెప్పు తీసుకున్నట్టే తప్పునూ తీసుకుని, మజ్జిగన్నంలో కలుపుకుని తిని, చెయ్యి కడుక్కున్నాడు. నాకు అది కూడా మిగల్చలేదు.

మరో పది రోజులకు, నేను సైకిలు తుడుస్తుంటే, మళ్ళీ వచ్చి పక్కన కూర్చున్నాడు. కాగితమూ తెచ్చుకున్నాడు. "సాబు ఇంకో చక్కర్ కావాలంటున్నడు. ఈసారి ఎగువకు. యాడ మంచిగుంటదో జర చెప్పు."

"నాకు తెల్వదు."

"అదేంది? నువ్వు పుట్టింది ఆడనే గద?"

"తెల్వదు" అన్నాను మళ్ళీ. గుడ్డ పిండి తీగ మీద ఆరేశాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచిపోయాడు.

మర్నాడు తెల్లవారగానే చెప్పులేసుకున్నాను. అత్త అరుగు మీద ఉంది. "యాడికే? బర్రెను పిండేదెవరు?"

"మీరు పిండుండ్రి అత్తమ్మా" అని కదిలాను. వెనక ఆమె ఏమందో వినలేదు.

నేను గీసిన దారినే నడిచాను. ఎండ వీపునే ఉంది. దారంతా ఒక్క పల్లేరు ముల్లు గుచ్చుకోలేదు. చెలిమలో నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. నేను చెప్పినదంతా చెప్పినట్టే ఉంది. దోసిట్లో నీళ్ళు మళ్ళీ చెలిమలోనే వదిలేశాను.

భద్రమ్మ ఇంకా లచ్చయ్య చెలక గట్టు మీదే ఉన్ని వడుకుతూ కూర్చుంది. గొంగడి జరిపి నాకు జాగా ఇచ్చింది. నేను కూర్చోలేదు.

"అక్కా, ఆ సాబుకు తొవ్వ జెప్పింది నేను."

కదురు ఆగింది. "మీ ఆయన జెప్పిండన్నరు."

"కాదు. నేను."

దాన్ని పక్కన పెట్టింది. "మంద ఈడున్నదని ఎరుకుండి జెప్పినవా, ఎరుకలేక జెప్పినవా?"

ఎరుకలేక అంటే చాలు. అది నిజమే. వంతుల లెక్క చెప్పొచ్చు, తమ్ముడి బీడు సంగతి చెప్పొచ్చు, గుట్ట మీద ఉంటుందనుకున్నా అక్కా అని కాళ్ళ మీద పడొచ్చు. దారి పొడుగునా అవన్నీ వరసగా పేర్చుకునే వచ్చాను.

"అడిగిండ్రని జెప్పిన అక్కా" అన్నాను. "నన్నెవరూ ఏదీ అడగరు. అడిగిండ్రని జెప్పిన."