పెట్టె మహిమ

పొద్దున్న ఏడయ్యేసరికల్లా ఇస్త్రీ అక్క బొగ్గులు రాజేసి, బల్ల మీద దుప్పటి నాలుగు మడతలు పరిచి, నీళ్లగిన్నె పక్కన పెట్టుకునేది. ఇంటి ముందుగదే కొట్టు. తలుపు రెండు రెక్కలూ తీసిందంటే ఇక వీధిలో వెళ్లేవాళ్లంతా చుట్టాలే. మీవాడి పరీక్ష ఏమైంది, ఆ కొత్త చెప్పులు ఇంకా కరుస్తున్నాయా, మీ ఆవిడ అలక తీరిందా అంటూ చేతుల పని చేతులది, నోటి పని నోటిది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా నవ్వుకునేది. నిజమే, కానీ ఒక్క గింజ మాత్రం ఆ నోట్లో పదకొండేళ్లుగా నానుతూనే ఉంది.

ఆవిడ ఇస్త్రీ చేసిన బట్ట మళ్లీ నీళ్లలో పడేదాకా వెచ్చగా ఉండేది. దీన్నెవరూ వింతగా అనుకోలేదు. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, ఇస్త్రీ అక్క చొక్కా వెచ్చగా ఉంటుంది, అంతే. చలి ముదిరితే పాలాయన రెండు చొక్కాలు ఒకదానిమీదొకటి తొడుక్కునేవాడు. ఎండలు ముదిరితే బ్యాంకు గార్డు వచ్చి, "అక్కా, కాస్త తగ్గించి చెయ్యవా, ఉడికిపోతున్నా" అని గోల పెట్టేవాడు. ఇంతకీ ఏం చేస్తావమ్మా అని ఎవరైనా అడిగితే ఆవిడ దగ్గర ఒకటే జవాబు. బొగ్గుల పెట్టె మూత మీద తట్టి, "నాదేముందండీ, అంతా ఈ పెట్టె మహిమ!" అనేది.

అబద్ధం! పచ్చి అబద్ధం! పెట్టెలో బొగ్గులు తప్ప ఏమీ లేవు. అసలు సంగతేంటంటే, ఎవరి బట్ట బల్ల మీదికొస్తే వాళ్ల పేరు ఆవిడ లోలోపల యేసయ్యకి చెప్పుకునేది. "యేసయ్యా, ఈ గార్డుగారి నడుం సంగతి చూడు. యేసయ్యా, ఈ నర్సమ్మ ఇవాళన్నా కాసేపు కూర్చోవాలి." పెట్టె పట్టిన మొదటిరోజు, పరాయి సొమ్ము కాల్చకుండా చూడు తండ్రీ అని మొదలుపెట్టింది. అదే అలవాటైపోయింది. గార్డు గోల పెట్టాడని ఎండాకాలం ప్రార్థన కాస్త కుదించేది కూడా.

మరి ఆ మాట బయటికి చెప్పడానికేం అంటే, దానికి కారణం వెనకగదిలో చిక్కుళ్లు వలుస్తూ కూర్చుని ఉండేది. అత్తగారు. పన్ను పీకే డాక్టరుకి, ఆయన పన్ను పీకుతుండగానే కరపత్రం చేతిలో పెట్టిన మనిషి ఆవిడ. బస్సెక్కితే డ్రైవరుతో మొదలుపెట్టి ఆఖరి సీటుదాకా ఎవర్నీ వదిలేది కాదు. ఆవిడ కరపత్రాల సంచీ కనబడగానే కొందరు గబుక్కున రోడ్డు దాటేసేవాళ్లు. కోడలు అది గుమ్మంలోంచి చూసేది. నోరు తెరిస్తే రేపు తన కొట్టు చూసి కూడా వీళ్లు రోడ్డు దాటేస్తారేమోనని భయపడేది. ప్రతి ఆదివారం మందిరంలో పాస్టరుగారు, "ఈ వారం ఒక్కరికైనా ప్రభువు సంగతి చెప్పినవాళ్లు చెయ్యెత్తండి" అనేవారు. సరిగ్గా అప్పుడే ఆవిడ చెప్పు కనబడకుండా పోయేది. బెంచీ కింద వంగి వెతుక్కునేది. పదకొండేళ్లలో ఆ చెప్పు ఎన్నిసార్లు తప్పిపోయిందో ఆ పాస్టరుగారికే తెలియాలి.

ఒక శనివారం లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరైన మనిషి. దేవుడి మాటెత్తితే, "ఏదీ, నిరూపించు" అని సుద్దముక్క చేతికిచ్చే రకం. వారం వారం రెండు చొక్కాలు తెచ్చే ఆయన ఆరోజు జేబురుమాళ్లంత గుడ్డల మూట తెచ్చారు.

"మా అమ్మాయికి నెలలు నిండకుండానే కాన్పయిందమ్మా. ఆడపిల్ల. నా అరచెయ్యంత ఉంది," అన్నారు.

"అయ్యో మాస్టారూ! ఎలా ఉంది?"

"బానే ఉంది కానీ ఒంట్లో వేడి నిలవట్లేదు. అద్దాలపెట్టెలో పెట్టారు. బయటికి తీస్తే అరగంటలో కాళ్లు చల్లబడిపోతాయి, మళ్లీ లోపల పెట్టేస్తారు. ఇరవై రెండు రోజులుగా మా పిల్ల తన బిడ్డని అద్దంలోంచి చూస్తోంది. మామూలు గుడ్డల్లో వరసగా మూడు రోజులు వేడి నిలిస్తే ఇక పూర్తిగా తల్లి చేతికిచ్చేస్తామన్నారు డాక్టరుగారు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీ ఇస్త్రీ గుడ్డలైతే నిలుస్తుందేమోనని..."

ఇస్త్రీ అక్క మిగతా బట్టలన్నీ పక్కకి నెట్టేసింది. ఒక్కో గుడ్డా పరిచి, "యేసయ్యా, ఈ పిల్లకింకా పేరు లేదు. మాస్టారి మనవరాలంటే నీకు తెలుస్తుందిలే" అనుకుంటూ ఇరవై గుడ్డలూ చేసిచ్చింది. మాస్టారు మూట గుండెలకి హత్తుకుని నాలుగు గంటల దూరంలో ఉన్న ఆ పెద్దాసుపత్రికి బస్సెక్కారు.

మంగళవారం పొద్దున్నే తిరిగొచ్చారు. గడ్డం మాసింది, జుట్టు రేగింది, మొహంలో నవ్వూ ఏడుపూ కలిసిపోయి ఉన్నాయి.

"నిలిచిందమ్మా! ఒకటిన్నర రోజు మా అమ్మాయి బిడ్డని ఒళ్లోంచి దించలేదు. కానీ రోజుకి పన్నెండు గుడ్డలు తడుపుతుంది పిల్లముండ! ఇరవయ్యీ అయిపోయాయి. ఉతికి అక్కడే ఇస్త్రీ చేయించాం. చల్లగా ఉన్నాయి. మళ్లీ అద్దాలపెట్టెలోకే పోయింది." ఆయన గొంతు తగ్గించారు. "నిన్ను అడగకూడదు, నీ బతుకుతెరువు. కానీ ఓ పది రోజులు నీ పెట్టె ఇస్తావా?"

చెప్పాల్సిన సమయం అదే. ఆవిడకీ తెలుసు. వెనకగదిలో చిక్కుళ్ల చప్పుడు ఆగిపోయింది. ఇస్త్రీ అక్క నోరు తెరిచింది. చివరికి బయటికొచ్చిందేమిటయ్యా అంటే:

"బొగ్గులు నిండుగా వెయ్యండి మాస్టారూ. మూత జాగ్రత్త, వదులుగా ఉంటుంది."

ఇచ్చేసింది! మాస్టారు చేతులెత్తి దణ్ణం పెట్టి, ఆ బరువంతా భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏమే అమ్మాయ్, ఒక్క మాట చెప్పడం కన్నా కూడు పెట్టే పెట్టె ఇచ్చేయడం తేలికైందా నీకు? ఎవరి మహిమ ఎవరికి కట్టబెడుతున్నావే?"

"నేనేం చెయ్యను అత్తయ్యా, మాట రాలేదు."

"కుళాయి దగ్గర గంటసేపు వస్తుందిగా!"

మర్నాడు గార్డు యూనిఫాం ఇవ్వాలి. పెట్టె లేదు. అడుగు చదునుగా ఉన్న ఇత్తడిగిన్నెలో నిప్పులు పోసి, పటకారుతో పట్టుకుని ఎలాగో రుద్దింది. గార్డు వచ్చి చొక్కా తొడుక్కుని, ఎప్పట్లాగే వెచ్చగా ఉందని తృప్తిగా భుజాలు కదిపి, బల్ల మీదికి చూశాడు.

"పెట్టేదక్కా?"

"మాస్టారు పట్టుకెళ్లారు. గిన్నెతో చేశా."

"ఓహో, గిన్నె మహిమన్నమాట," అని ఆయన దారిన ఆయన వెళ్లిపోయాడు.

ఆ మాటకి ఇస్త్రీ అక్క సిగ్గుతో చచ్చిపోయింది. తను ఇప్పుడు కాదంటే రేపు ఈ గిన్నెకి కూడా దణ్ణాలు పెడతారు. అక్కడేమో ఆ పెద్దాయన వట్టి ఇనపపెట్టెని నమ్ముకుని రుద్దుతూ ఉంటాడు. అలా అనుకుంటుండగానే ఫోను మోగింది.

"అమ్మా, పెట్టె పనిచెయ్యట్లేదు," అన్నారు మాస్టారు. "బొగ్గులు ఎక్కువేసి చూశా, తక్కువేసి చూశా. ఎన్ని నిమిషాలకి ఎంత వేడో పట్టిక వేశా. మూడు గుడ్డలు కాలిపోయాయి గానీ వేడి నిలవట్లేదు. మా అమ్మాయి ఏడవడం కూడా మానేసి గోడకేసి చూస్తూ కూర్చుంది. నువ్వేదైనా చెప్పడం మర్చిపోయావా తల్లీ?"

ఇస్త్రీ అక్క కళ్లమ్మట నీళ్లు బొటబొటా కారాయి. "మర్చిపోలేదు మాస్టారూ. నేనే వస్తున్నా," అంది.

ఆవిడ చెప్పులేసుకుంటుంటే అత్తగారు కరపత్రాల కట్ట తెచ్చి చేతిలో పెట్టబోయింది. "వద్దత్తయ్యా. ఉన్నదున్నట్టు చెప్పేసి వస్తా," అంది కోడలు. అత్తగారు ఆ కట్టని కాసేపు చూసుకుని, సంచీలో తిరిగి పెట్టేసింది. "అయితే నాకంటే నువ్వే బాగా చెప్తావు. వెళ్లు," అంది, కోడలి కొంగు సరిచేస్తూ. అత్తగారి నోట్లోంచి అలాంటి మాట రావడం అదే మొదలు.

బస్సులో నాలుగు గంటలూ మాటలు కూర్చుకుంది. ఎలా మొదలుపెట్టినా అత్తగారి కరపత్రంలాగే వస్తోంది. విసుగొచ్చి మానేసింది.

ఆసుపత్రి వెనక, దుప్పట్లు ఆరేసే పెరట్లో దొరికారు వాళ్లు. మాస్టారు చొక్కా నిండా మసి. ఎదురుగా కూతురు స్టూలు మీద కూర్చుని, ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ చేతులు చూశాక ఇస్త్రీ అక్కకి కూర్చుకున్నదంతా ఎగిరిపోయింది.

"మాస్టారూ, ఆ పెట్టెలో ఏం లేదు," అంది.

"ఏం లేకపోవడమేంటి?"

"ఎవరి బట్ట చేస్తే వాళ్ల పేరు యేసయ్యకి చెప్తాను. మనసులోనే. వెచ్చదనం ఆయన ఇచ్చేది. పదకొండేళ్లుగా నేను పెట్టె మీదికి తోసేస్తున్నా. సిగ్గుపడి. భయపడి. మీరింత అవస్థ పడ్డారంటే నా వల్లే."

మాస్టారు పెట్టెని పక్కన దించారు. ఆయనిప్పుడు రోడ్డు దాటేస్తారని ఆవిడ ఎదురుచూసింది.

"నా చొక్కాలకి కూడానా?" అన్నారాయన.

"ప్రతి శనివారం. రెండు చొక్కాలకీ రెండుసార్లు."

"ఏమని చెప్పేదానివి?"

"మీరు రిటైరైనప్పుడు... ఈయనకి పొద్దుపోవట్లేదు, ఎవరైనా వచ్చి లెక్కలు అడిగేట్టు చూడు, అని."

మాస్టారి కనుబొమలు పైకి లేచాయి. "అయితే లెక్కలకని నా దగ్గరికొచ్చే ఆ ఎదురింటి కవలపిల్లలు..."

"అది నాకు తెలీదు మాస్టారూ. నేను అడిగానంతే."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మీరు నవ్వుతారని."

"నవ్వేవాణ్ణే," అన్నారాయన నిజాయితీగా. "కడుపు పట్టుకుని నవ్వేవాణ్ణి. ఇవాళ నవ్వు రావట్లేదు."

కూతురు స్టూలు మీంచి లేచింది. "నాకు నేర్పండక్కా. నాకు ప్రార్థనలవీ రావు."

"నేర్పడానికి అదేం మంత్రం కాదమ్మా. అడగడమే. ఆయన వింటాడని నా నమ్మకం. నీకు మనసొప్పకపోతే వద్దు, నేనిక్కడే ఉండి గుడ్డలన్నీ చేసిపెడతా. నమ్మినవాళ్ల బిడ్డలకే ఇస్తాననే షరతు ఆయనకెప్పుడూ లేదు."

"నేనే అడుగుతా," అంది ఆ పిల్ల. గుడ్డ పరిచి పెట్టె అందుకుంది. "ఏమని పిలవాలి?"

"నేనైతే యేసయ్యా అంటా."

"యేసయ్యా," అంది మాస్టారి కూతురు పైకే. పెట్టె నెమ్మదిగా ముందుకి జరిపింది. "మా పాపకింకా పేరు పెట్టలేదు. నేను దాన్ని ఒకటిన్నర రోజే ఎత్తుకున్నాను. నాకు సరిపోలేదు."

అంతే. మాస్టారు ఆ గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, గడియారం చూడటం మొదలుపెట్టారు. ఐదు నిమిషాలైంది. పదైంది. పావుగంటకి ఆయన గడియారం వంక చూడటం మానేశారు. చెయ్యి మాత్రం తియ్యలేదు. రెండో చేత్తో ఇంకో గుడ్డ తీసి కూతురి ముందు పరిచారు.

ఇస్త్రీ అక్క మూడు రోజులుండిపోయింది. గంటగంటకీ నర్సు వచ్చి పాప వేడి చూసి రాసుకుపోయేది. రెండోరోజు బొగ్గులైపోతే కూతురు ఆసుపత్రి కరెంటు పెట్టెతోనే చేసుకుంది. తేడా ఏమీ రాలేదు, ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. మూడోరోజు మధ్యాహ్నం డాక్టరుగారు పాప పాదాలు రెండూ గుప్పిట్లో పట్టుకుని చూసి, అద్దాలపెట్టె ఇంకో బిడ్డకి ఇవ్వమన్నారు.

ఆ ఇంకో బిడ్డ తల్లి వీళ్ల మంచం దగ్గరికొచ్చింది. "మీరు ఏం చేశారండీ? ఏదైనా ప్రత్యేకమైన పెట్టె ఉందటగా?"

ఇస్త్రీ అక్క అలవాటు కొద్దీ ఒకసారి చెప్పుల వంక చూసుకుంది. అయినా ఆవిడ పక్కన కూర్చుని, "పెట్టె కాదమ్మా, చెప్తా విను," అని, డాక్టర్లు చేసింది డాక్టర్లది, తను అడిగింది తనది, ఎవర్ని అడిగిందీ, ఇన్నాళ్లూ ఎందుకు దాచిందీ అన్నీ చెప్పింది. ఆ తల్లి రోడ్డేం దాటలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా బాబు పేరు కూడా చెప్పరా," అంది.

ఇటుపక్క నర్సు ఇంటికి పంపే కాగితాలు తెచ్చి, తల్లి సంతకం కావాలంది. "పాపని కాస్త ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను," అని చేతులు చాపింది. మాస్టారూ చాపారు. మాస్టారి కూతురు ఎవరికీ ఇవ్వలేదు. కుడిచెయ్యి బిడ్డ తలకింద అలాగే ఉంచేసి, పెన్ను ఎడంచేత్తో అందుకుని, వంకరటింకరగా సంతకం పెట్టింది.