ఎడమ కన్ను

"అమ్మా, సర్కారువారు కన్ను కొట్టటం నేర్పుతున్నారంట. నీ కోడలు పది రోజులు క్లాసుకి పోతంది" అన్నారు మా ఆయన, నేను ఇడ్లీ పాత్ర దింపుతుండగా. మా అత్తగారు ఆదెమ్మ నవ్వీ నవ్వీ పొలమారింది. ఆ తలమీద తట్టిందీ, మంచినీళ్ళు అందించిందీ మళ్ళీ నేనే.

నవ్వాల్సిన సంగతి కాదది. మా నాన్న పోయి మూడు నెలలైంది. కనిగిరి అవతల కొండ కింద ఆరెకరాల చేను, దాని గట్టునే రెండు గదుల ఇల్లు, ఒక ఒంటిగొట్టం తుపాకి, ఇదీ ఆయన వదిలిన ఆస్తి. ఒక్కగానొక్క కూతుర్ని నేను. అడవిపందులు వేరుశనగని దున్నిపోస్తుంటే నాన్న వాటి తలల మీదుగా ఒకటి పేల్చి బెదరగొట్టేవాడు. ఇప్పుడా తుపాకి పోలీసుస్టేషన్లో ఉంది. నా పేర లైసెన్సు కావాలంటే ఒంగోలు పోలీసు మైదానంలో శిక్షణ తీసుకుని చీటీ తెమ్మన్నాడు కలెక్టరాఫీసు గుమాస్తా. అది చేతకాకపోతే, నాకేం అభ్యంతరం లేదని సంతకం పెడితే చాలు, కాలేజీ నాటి ఎన్.సి.సి. చీటీ ఉంది గనక మా ఆయన పేర మారుస్తారట. హైస్కూలు మాస్టారు కదా మా ఆయన ఇమ్మానియేలు గారు, ఆ కాగితం అప్పుడే టైపు చేయించి పెట్టేశారు. "పందులు తినే చేను మనకెందుకు జయా? అమ్మేద్దాం. తుపాకి మాత్రం హాల్లో తగిలిద్దాం, వచ్చినోడల్లా నమస్కారం పెడతాడు" అన్నారు. చేను నాది, తుపాకి నాది, నమస్కారం మాత్రం ఆయనకి.

ఆ తుపాకిని నా పన్నెండో ఏటి నుంచీ తుడిచింది నేనే. కడ్డీకి గుడ్డ చుట్టి, నూనె అద్ది, గొట్టంలో మసి అంతా తీసేదాన్ని. నేనూ ఒకటి పేలుస్తా నాన్నా అంటే, "నువ్వు తుడువమ్మా, చాలు" అనేవాడు. ఆ మాటే మా ఆయన ఇంకో రకంగా అంటారు. తుడవటం వేరు, పేల్చటం వేరు అని.

పదకొండుమంది మగాళ్ళు, నేను. ఇంట్లో వంటంతా ముగించి, మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, ఆయన సైకిలు వెనక కూర్చుని వెళ్ళేదాన్ని. ఇసక బస్తాల వెనక బోర్లా పడుకోవాలి. కుచ్చెళ్ళు కాళ్ళ మధ్య ఇరికించుకుని, పైటకి నాలుగు పిన్నులు గుచ్చుకుని పడుకుంటే వెనకాల ఎవరికో ఒకరికి దగ్గు వచ్చేది. నేర్పేది హవల్దారు సిలార్. "ఎడం కన్ను మూసి కుడి కంటితో సూడండి అమ్మగారూ" అంటాడు. మూస్తాను. రెండూ మూతపడతాయి. "ప్రార్థన కాదండీ ఇది!" అన్నాడు ఒక పొగాకు వ్యాపారి. అందరికంటే గట్టిగా నవ్వింది చెట్టు కింద కూర్చున్న మా ఆయన.

నా ఎడమ కన్ను ఒకప్పుడు బాగానే మూతపడేది. ఎనిమిదో తరగతిలో, గుడిలో పాటలు నేర్చుకుంటుండగా పాస్టరమ్మగారి గొంతు శ్రుతి తప్పింది. నేను మా రెబ్కాకి కన్ను కొట్టాను. నాన్న చూశాడు. ఇంటికెళ్ళాక చెంప పగిలింది. "బజారుదానివా నువ్వు?" అన్నాడు. ఆ తర్వాత ఆ కన్ను ఒక్కటీ మూయటం నాకు రాలేదు. అదే కన్ను మూసుకుని నాన్న రోజూ చేనుగట్టున నిలబడి గురి చూసేవాడు. ఆయన్ని ఎవరూ బజారు మనిషని అనలేదు. నాన్న మీద నాకు ప్రేమే, కానీ ఈ కోపం మాత్రం పోయేది కాదు.

పోనీ ఇంట్లో సాధన చేద్దామా అంటే అదీ లేదు. డాబా మీద మిరపకాయలకి తొడిమలు తీస్తూ కన్ను మూసి తెరుస్తున్నాను. అత్తగారు ఎప్పుడొచ్చిందో! "ఏమే, ఎవడికే ఆ సైగలు?" ఎదురింటాయన గడ్డం గీసుకుంటున్నాడు, నా ఖర్మ కొద్దీ. ఉలిక్కిపడి మిరపకాయ చేత్తోనే కన్ను నులుముకున్నాను. ఆ పూట రెండు కళ్ళూ వాచాయి. "మానెయ్ జయా, పరువు పోతంది" అన్నారు మా ఆయన, అన్నంలో పెరుగు వేయించుకుంటూ.

పదో రోజు పరీక్ష. అయిదు గుళ్ళూ మట్టిలోకే పోయాయి. సోమవారం రెండో జట్టుతో కలిపి ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు సిలార్. సోమవారం మా ఆయన ఆ కాగితం జేబులో పెట్టుకునే వచ్చారు. పెన్నులో సిరా కూడా నింపుకున్నారు.

నా ముందు రెండో జట్టులోని రైసుమిల్లు లక్ష్మీనరసింహంగారు. ఆయన పడుకుంటూనే "కట్టవయ్యా సిలారూ" అన్నారు. సిలార్ జేబులోంచి నల్లగుడ్డ తీసి ఆయన ఎడమ కంటికి కట్టాడు. ఒక్కరూ నవ్వలేదు. ఒక్కరికీ దగ్గు రాలేదు.

"ఇదేంటండీ?" అన్నాను.

"కొంతమందికి ఒక కన్ను మూతపడదమ్మగారూ. అట్టాంటోళ్ళకి ఇట్టా కడతాం."

"మరి నాకెందుకు కట్టలేదు?"

సిలార్ బుర్ర గోక్కున్నాడు. "మీరు అడగలేదు గదమ్మా... ఆడమనిషికి నేను కట్టటం బాగుండదని..."

పది రోజులు! ఉందని తెలియనిది ఎట్లా అడుగుతాను? పదహారేళ్ళు నేను ఊదుగొట్టంతో పొయ్యి ఊదాను. నాకు టైఫాయిడ్ వచ్చి ఆయన రెండు పూటలు వండాల్సి వచ్చింది, మూడో పూటకి గ్యాసుకి దరఖాస్తు పెట్టేశారు. అంతకు ముందూ ఊళ్ళో గ్యాసు ఉంది, ఆయనకీ తెలుసు. నాతో ఎవరూ అనలేదు, అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. గుడ్డ లాక్కుని నేనే బిగించి కట్టుకున్నాను.

"గజదొంగలాగున్నావ్" అన్నారు మా ఆయన వెనకనించి. మొదటిది మట్టిలోకి పోయింది. తర్వాతి నాలుగూ గురి కాగితానికే తగిలాయి. సిలార్ రెండుసార్లు లెక్కపెట్టి, తలవంచుకుని చీటీ రాసిచ్చాడు.

వారం తర్వాత కలెక్టరాఫీసు. ఉన్న ఒక్క కుర్చీలో మా ఆయన కూర్చున్నారు. గుమాస్తా నా దరఖాస్తు నింపుతూ, "ఆయుధం ఎక్కడ ఉంచుతారు?" అని ఆయన్నే అడిగాడు.

"ఇక్కడే, లాయరుపేటలో మా ఇంట్లో. హాల్లో మేకు కూడా కొట్టించా."

"కాదండీ," అన్నాను. "చేను దగ్గర మా నాన్న ఇంట్లో ఉంటుంది."

"అట్టా కుదరదమ్మా. లైసెన్సు ఎవరిదైతే వాళ్ళుండే చోటే తుపాకి ఉండాలి."

"విన్నావా? తెలీకపోతే ఊరుకోవాలి" అన్నారు మా ఆయన, కుర్చీలో వెనక్కి వాలి.

విన్నాను. గుమాస్తా కలం ఆ గడి మీదే ఆగి ఉంది. నేను బల్ల దగ్గరికి జరిగి ఆ గడి మీద వేలు పెట్టాను.

"అయితే నేనుండేది కూడా అక్కడేనని రాసుకోండి."