తమండా మాత్రలు మానేసిన ఏడాది

సరస్సులో పడవ బోల్తా పడిన మూడో రోజుకి మసౌకో శవం దొరికింది. పాతిపెట్టి వచ్చిన సాయంత్రం అతని భార్య తమండా మాత్ర వేసుకోలేదు. కావాలని మానేసిందేమీ కాదు. తొమ్మిదేళ్లుగా రేడియోలో ఏడు గంటల వార్తలు మొదలవగానే ఇద్దరూ ఒకే చెంబు నీళ్లతో హెచ్‌ఐవీ మాత్రలు మింగేవాళ్లు. ఆ సాయంత్రం రేడియో ఎవరూ పెట్టలేదు. మర్నాడూ అంతే.

మొదట్లో ఏమీ కాలేదు. రోజూ లాగే రెల్లు తడికల మీద సన్నచేపలు పరిచింది, తిరగేసింది, కాకుల్ని తోలింది. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు వచ్చినా వెళ్లలేదు. ఆరోగ్య కార్యకర్త రెండుసార్లు ఇంటికొస్తే, "బాగానే ఉన్నాగా" అని పంపేసింది.

ఐదో నెలలో నడుము చుట్టూ నిప్పులు చల్లినట్టు పొక్కులు లేచి, వాటంతటవే ఎండి రాలిపోయాయి. తర్వాత నోట్లో తెల్లటి పూత పూసి, ముద్ద గొంతు దిగడం మానేసింది. కట్టుగుడ్డ జారిపోతుంటే ఇంకో చుట్టు చుట్టుకుంది. ఇదంతా ఎవరికో జరుగుతున్నట్టు చూస్తూ ఉండిపోయింది.

పక్క తడిక మసౌకో అక్క ఎస్నాత్‌ది. ఆవిడ నోటికి ఒడ్డంతా భయపడుతుంది.

"ఏమే, మా తమ్ముడు నిన్ను కూడా రమ్మన్నాడా?"

"లేదు వదినా."

"మరి ఎక్కడికే ఈ ప్రయాణం? చేపలకంటే నువ్వే ముందు ఎండేట్టున్నావు. కాకులు కూడా వాటినొదిలి నిన్నే చూస్తున్నాయి."

చుట్టూ చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లంతా నవ్వారు. తమండా పెదవులు కూడా కదిలాయి.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"ఆఁ." అబద్ధం తడుముకోకుండా వచ్చింది.

వానలు మొదలయ్యాక తలనొప్పి పట్టుకుని పదిరోజులు వదల్లేదు. ఒక పొద్దున ఒక్కో చేప రెండుగా కనబడింది. తడిక పట్టుకోబోయి ఇసుకలో పడిపోయింది. ఎస్నాత్ ఆమెను అద్దె సైకిలు వెనక కూర్చోబెట్టి, జారిపోకుండా తొక్కేవాడి నడుముకి కట్టేసి, తాను వెనకాలే పరుగెత్తింది.

ఆసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి చూశారు. ఇన్నాళ్లూ అణిగి ఉన్న వైరస్ మళ్లీ పెరిగి ఒంట్లో సత్తువంతా తినేసిందనీ, ఆ సందులో బూజు జాతి క్రిమి మెదడు పొర దాకా పాకిందనీ నర్సు చెప్పింది.

"ముందిది తగ్గాలి. పాత మాత్రలు నెల దాటాకే. ఇప్పుడే మొదలెడితే మెదడు తట్టుకోదు."

రెండు వారాలు సెలైన్లో మందెక్కిస్తే తలనొప్పి వదిలింది. ఈలోగా పోయిన ఎడమ కంటి చూపు మాత్రం తిరిగి రాలేదు. ఎస్నాత్ ఆసుపత్రి వెనక పొయ్యి మీద జావ కాచి తెచ్చి, తిడుతూ తాగించేది. తమండా తాగేది.

చెప్పిన గడువుకి మాత్రల కోసం వెళ్తే, నర్సు కాగితం ముందేసుకుంది.

"ఎందుకు మానేశావు? ఒంటికి పడలేదా? దూరమనా? పాస్టరు మానమన్నాడా?"

తమండా అన్నిటికీ అడ్డంగా తలూపింది.

"మరి?"

"తెలీదమ్మా."

"మొగుడు పోయాడని రాయండి" అంది వెనకనుంచి ఎస్నాత్.

"దానికిక్కడ గడి లేదు," అంటూనే నర్సు అంచున ఏదో రాసి మాత్రల డబ్బా చేతిలో పెట్టింది.

తిరిగి వస్తుంటే ఎడమ వైపు నుంచి సైకిలొకటి దూసుకొచ్చింది. ఎస్నాత్ రెక్క పట్టి లాగింది.

"చూసుకోవేం?"

"కనబళ్లేదు వదినా."

ఎస్నాత్ ఆమె ఎడమ పక్కకి మారింది. ఇద్దరూ నడిచారు.