నడుము పక్కన చుక్కలు

రక్తపోటు, ఊబకాయం ఒకే వంశంలో జంటగా కాపురం చేస్తుంటే, ఆ ఇంట్లో ముందు కాలుపెట్టింది ఎవరు? పరిశోధకురాలు ఆరేళ్ళుగా తేల్చాలనుకుంటున్నది ఇదే. ఆమెకు దొరికిన వంశంలో మూడు తరాలవాళ్ళు ముప్పై ఒక్కమంది ఉన్నారు. రక్తసంబంధం ఎంత గట్టిదో రక్తపోటూ అంత గట్టిది. మనుషులు మంచివాళ్ళు, పైగా బరువైనవాళ్ళు. సగం మందికి పైగా ఒకే జన్యువులో ఒకే మార్పు ఉంది. ఆ మార్పు మనిషిని ముందు లావు చేసి, ఆ లావు చేత పోటు తెప్పిస్తోందా? లేక లావుతో పనిలేకుండా నేరుగా పోటే తెస్తోందా?

పాతికేళ్ళ పోటు లెక్కలు ఆసుపత్రి చీటీల్లో ఉన్నాయి. నడుము లెక్కలు మాత్రం టైలరు దగ్గర దొరికాయి. ఆయన ఆ ఇంటి అల్లుడు. అత్తవారి వైపు వాళ్ళందరికీ బట్టలు కుట్టేది ఆయనే, కొలతల పుస్తకం రాసేది ఆయన భార్య. మొత్తం నాలుగు వందల పన్నెండు కొలతలు. పరిశోధకురాలు అంకెలన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది. అంకెల పక్కన పడ్డ సిరా చుక్కల్ని వదిలేసింది. ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది: నడుములు సన్నగా ఉండగానే పోటు పెరిగింది. ఇంతవరకూ ఎవరూ చెప్పని మాట అది. పత్రికవాళ్ళు అచ్చుకు ఒప్పుకున్నారు. ఆమె పనిచేసే సంస్థ డైరెక్టరు సొంత ల్యాబు ఇస్తానన్నాడు.

ఆ ఫలితం గురించి సభలో మాట్లాడడానికి కోటు కావలసి వచ్చి, ఆ టైలరు దగ్గరికే వెళ్ళింది.

ఆయన టేపు చుట్టి, "నడుము ముప్పై ఆరు" అని కేకేశాడు. భార్య రాసుకుంది. కొలవడమే తన వృత్తి కనక పరిశోధకురాలు కిందికి చూసింది. ఆయన బొటనవేలు ముప్పై ఎనిమిది మీద ఉంది.

"అది ముప్పై ఎనిమిది కదండీ."

"ఉంటే ఉందిలెండి మేడం. మీరు ముప్పై ఆరే అనుకోండి, హాయిగా ఉంటుంది."

"మరి కోటు పట్టేదెలా?"

భార్య తలెత్తకుండానే చెప్పింది. "పక్కన రెండు చుక్కలు పెట్టానమ్మా. చుక్కకి అంగుళం. కత్తిరించేటప్పుడు కలుపుకుంటారు. పెళ్ళైన కొత్తలో ఈయన మా అమ్మ నడుము నలభై రెండని అందరి ముందూ అరిచారు. మా అమ్మ మూడు నెలలు ఈయనతో మాట్లాడలేదు. అప్పట్నుంచీ ఇదే పద్ధతి."

"ఆ మూడు నెలలూ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో," అన్నాడు టైలరు.

"ముందు మీ నోటికి చుట్టాలి ఆ టేపు. మా పెద్దన్నయ్యకైతే ఐదు చుక్కలమ్మా. ఆయన పేరు దగ్గర చీమల బారులా ఉంటుంది."

పరిశోధకురాలు నవ్వలేదు. పుస్తకం ఇంకోసారి ఇమ్మంది.

ప్రతి చుక్కనూ ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది. నడుములు తమ అసలు చుట్టుకొలతకు వచ్చేసరికి కథ తిరగబడింది. అందరిలోనూ ముందు నడుమే పెరిగింది. నాలుగైదేళ్ళు ఆగి, దాని వెనకే పోటు వచ్చింది. జన్యువు లావును తెచ్చి ఊరుకుంటోంది, మిగతా పని లావు చూసుకుంటోంది. ఈ మాట ఇదివరకే చాలామంది చెప్పారు.

డైరెక్టరు కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. "ఈ చుక్కలు ఎవరు చూస్తారమ్మా? మరకలనుకుంటారు."

"నేనూ అలాగే అనుకున్నానండి."

"కొత్త విషయం లేకపోతే కొత్త ల్యాబూ లేదు. అది తెలుసుగా?"

"తెలుసండి."

"మొత్తానికి నాకు చుక్కలు చూపించావు," అని ఆయన కాగితాలు వెనక్కి ఇచ్చేశాడు.

ఆమె తన గదికి వచ్చి, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు ఉత్తరం మొదలుపెట్టింది. కారణం రాయాల్సిన చోటు వచ్చింది. అల్లుడి మర్యాద అని రాస్తే అర్థం కాదు. "కొలతల నమోదులో పొరపాటు" అని రాసింది. అది చదివితే తప్పు పుస్తకం రాసినావిడ మీదికి పోయేలా ఉంది. పక్కన "ఆ పొరపాటు నాదే" అని చేర్చి పంపేసింది.