బిగుసుకుపోయిన బుధవారం

నేను ఒక కారు తాళాన్ని. బుధవారం పొద్దున శుభవార్త వచ్చేసరికి హిమజ చూపుడు వేలికి గిరగిరా తిరుగుతున్నాను. డ్రైవింగ్ పరీక్షకు మర్నాడు తొమ్మిదిన్నరకు ఒక ఖాళీ దొరికిందని ఆమె ఫోనుకు సందేశం వచ్చింది. ఆమె లెర్నర్ లైసెన్సు గడువు శుక్రవారంతో సరి. అది దాటితే మళ్లీ దరఖాస్తు నుంచి మొదలుపెట్టాలి. నెల రోజులుగా బెంగపడుతున్న మనిషి ఆ సందేశం చదివి నన్ను గాల్లోకి ఎగరేసింది, పట్టుకోవడం మరిచిపోయింది. గచ్చు మీద పడ్డాను. నాకు కోపం రాలేదు. పన్నెండేళ్ల బతుకులో నన్ను సంతోషం పట్టలేక పడేసినవాళ్లు అంతకు ముందు లేరు.

నేను పుట్టింది ఒక కర్మాగారంలో. ఒక యంత్రం నా అంచున పళ్లు కోసి, వాటికి సరిపడే గూటికి నన్ను అప్పగించింది. మొదటి యజమాని రాజమండ్రిలో ఇంజనీరు. బీరువా తాళాలూ ఆఫీసు తాళాలూ అన్నీ నాతో కలిపి ఒకే గుత్తికి తగిలించాడు. కారు నడిచినంతసేపూ ఆ బరువంతా నా మెడకే వేలాడేది. రెండో ఆయనకు మందుల షాపు. పార్సిళ్ల టేపు నాతోనే కోసేవాడు. షాపులో కత్తెర లేక కాదు, అది ఎక్కడుందో ఆయనకు ఎప్పుడూ తెలియక. అలా నా పళ్లు సగం అరిగాక, పెళ్లయి నాలుగు నెలలైన హిమజ, శ్రీకర్ ఈ పాత కారుతో పాటు నన్నూ కాకినాడకు తెచ్చుకున్నారు.

పరీక్షకు కారు మనమే తీసుకెళ్లాలి. అందుకని శ్రీకర్ ఆ పూట సెలవు పెట్టి కారు కడిగాడు. చక్రాల సందుల్లో మట్టి పోవాలని, నేను గూట్లో లేకపోయినా స్టీరింగును బలంగా ఒక పక్కకు తిప్పాడు. లోపల ఏదో టక్కుమంది. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అతని తల్లి రత్నమాణిక్యం గారు పూజకు వచ్చారు. కారుకు బొట్టు పెట్టారు, స్టీరింగుకు పెట్టారు, నాకు మాత్రం ఇంకాస్త ప్రేమగా తడి పసుపు పళ్ల నిండా మెత్తి, పైన కుంకుమ అద్దారు. అలాగే నన్ను స్టీరింగు పక్కనున్న గూట్లోకి దూర్చారు.

సగం దూరాక బిగుసుకున్నాను. ఆవిడ కొబ్బరినూనె తెచ్చి నాలుగు చుక్కలు వేశారు. నూనె, పసుపు కలిసి ముద్దయ్యాయి. ఎలాగో చివరిదాకా వెళ్లాను కానీ ఇటూ అటూ తిరగలేదు. శ్రీకర్ రెండు చేతులతో తిప్పి, పట్టకారు తెచ్చాడు. నా నడుము వంగడం మొదలైంది.

“ఆపండి,” అంది హిమజ. “విరిగితే ముక్క లోపలే ఉండిపోతుంది. రేపటికి కారే ఉండదు.”

మెకానిక్ వీర్రాజుకు ఫోన్ చేస్తే అతను సామర్లకోటలో పెళ్లి భోజనం దగ్గర ఉన్నాడు. జరిగిందంతా విన్నాడు. పసుపు మాట దగ్గర కాసేపు నవ్వు ఆపుకున్నాడు.

“అమ్మగారి భక్తికి వంక లేదండి. బొట్టు తాళం తలకి పెట్టాలండి, పళ్లకి కాదు. ఆ పట్టకారు ఎవరి చేతిలో ఉందో ఆళ్లని కాస్త దూరంగా కూర్చోబెట్టండి.”

శ్రీకర్ వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. వీర్రాజు చెప్పినట్టు హిమజ నన్ను మెల్లగా బయటికి లాగింది. స్పిరిట్టులో ముంచిన గుడ్డతో ఒక్కో పన్నూ తుడిచింది. సైకిలు పంపుతో గూట్లోకి గాలి కొట్టింది. పసుపు తుంపర ఆమె ముక్కు మీద పడింది. ఇక నూనె చుక్క కూడా వెయ్యొద్దన్నాడట. పెన్సిలు ముల్లు అరగదీసి ఆ నల్ల పొడి నా రెండు వైపులా రాసింది. ఇన్నేళ్లలో నాకు జరిగిన మొదటి సేవ అది.

ఈసారి సాఫీగా లోపలికి వెళ్లాను. అయినా తిరగలేదు. హిమజ మొహం చిన్నబోయింది. ఫోన్ తీసుకుని, ఇక వేరే కారు అద్దెకు దొరుకుతుందేమోనని అడిగింది. తాళం లేకుండా తిప్పితే స్టీరింగు లోపల గొళ్లెం పడుతుందనీ, అది వదిలేదాకా తాళం తిరగదనీ చెప్పి, వీర్రాజు స్టీరింగు ఎటు బిగిసిందో చూడమన్నాడు.

“దాన్ని కొంచెం ఆ పక్కకే నొక్కి, వదులు దొరకగానే తాళం తిప్పండమ్మా. బలం వద్దు. రెండు చేతులూ ఒకేసారి మాట్లాడుకోవాలి.”

ఆమె ఎడమ చేత్తో స్టీరింగును ఒత్తింది, కుడి చేతి రెండు వేళ్లతో నన్ను పట్టుకుంది. కార్లను బలంతో లొంగదీయాలని చూసే మనుషుల్ని చాలామందిని చూశాను. ఆమె మాత్రం నేను ఎక్కడ ఆగుతున్నానో వేళ్లతో వింటున్నట్టు పట్టుకుంది. రెండోసారికి తిరిగాను. ఇంజను అందుకుంది.

అరిగిపోయిన నా పళ్ల కొలతతో నకలు చేయించొద్దనీ, కంపెనీ ఇచ్చిన తాళం నంబరుతో కొత్తది తెప్పించుకోమనీ వీర్రాజు చివర్లో చెప్పాడు. సబబైన మాటే.

శ్రీకర్ అరుగు దిగి వచ్చాడు. రేపు పరీక్ష మైదానం దాకా తనే నడుపుతానన్నాడు, ఆమె అలసిపోకుండా. హిమజ ఇంజను ఆపి, నన్ను తీసి కొంగున ముడేసుకుంది.

“రేపు ఎనిమిదింటికి బయల్దేరదాం. ఇంటి దగ్గర్నుంచీ నేనే నడుపుతాను. మీరు పక్క సీట్లో, అత్తయ్యగారు వెనక సీట్లో. మైదానం వచ్చేదాకా ఇద్దరూ బ్రేకు అన్న మాట ఎత్తకూడదు.”