మూడు వందల ఎనభై చొక్కాలు

నాన్న లెక్కంతా చొక్కాల్లో నడుస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఒకే వీధి మలుపులో, ఒకే బల్ల ముందు నిలబడి ఇస్త్రీ చేసిన మనిషికి డబ్బు ఇంకో రూపంలో కనబడదు. బస్సు టికెట్టు మూడు చొక్కాలు. డాక్టరు ఫీజు అరవై చొక్కాలు. కూతురి డిగ్రీకి ఎన్ని చొక్కాలయ్యాయో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే, "అదేమన్నా సంతలో సరుకా, రేటు చెప్పడానికి?" అని మాట దాటేసేవాడు.

ఆ డిగ్రీతో ఆమె ఒక గోడౌను ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం సంపాదించింది. వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుని జీతం తెచ్చుకున్న మొదటి మనిషి ఆమే. అందుకని నాన్న ఆమెని "ఆఫీసరమ్మా" అని పిలుస్తాడు. సగం వేళాకోళం, సగం మురిపెం.

నాన్న కాళ్ళలో నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఎడమ కాలి మడమకి నాలుగు వేళ్ళ పైన ఒక పుండు. మానినట్టే మాని మళ్ళీ నోరు తెరుస్తుంది. పోయినసారి డాక్టరు కట్టు కట్టి, "నిలబడే పని మానెయ్యండి. మానకపోతే ఇంకోసారి ఈ కాలు పట్టుకుని నా దగ్గరికి రావద్దు" అని ముఖం మీదే చెప్పేశాడు. ఆమె బతిమాలింది, అలిగింది, రెండు రోజులు అన్నం మానేసింది. ఆఖరికి నాన్న విసుగెత్తి ఒక మాటన్నాడు.

"ఆరు రోజులు. ఆరు రోజులు ఇస్త్రీ పెట్టె ముట్టుకోకుండా ఉండగలిగానే అనుకో, కొట్టు తాళం తెచ్చి నీ చేతిలో పెడతా. సరేనా?"

ఆయన ఊసుపోక అన్నాడో, నిజంగానే అన్నాడో గానీ ఆమె ఆ మాటని గట్టిగా పట్టుకుంది. ఇంట్లో ఉంటే ఆరు గంటలు కూడా జరిగే పని కాదు. తెల్లారకముందే ఎవరో ఒకరు మూట పట్టుకుని తలుపు కొడతారు. తలుపు కొట్టేవాళ్ళు లేని చోటు కావాలి. రెండేళ్ళ బోనసు కలిపి, గిరాకీ లేని నెల చూసి, కిటికీ లేని గది ఎంచుకుని ఓడలో ఆరు రోజుల ప్రయాణానికి నాన్నకి, అమ్మకి, తనకి కలిపి మూడు టికెట్లు కొంది. తిండీ పడకా టికెట్టులోనే. పనివాళ్ళకిచ్చే టిప్పులు కూడా ముందే కట్టేసింది. పై ఖర్చులకి చిన్న నోటుపుస్తకంలో గీతలు కొట్టి రాసుకుంది. నాన్న భాషలో చెప్పాలంటే రోజుకి నలభై చొక్కాలు, ముగ్గురికీ కలిపి.

ఓడెక్కగానే ముగ్గురికీ తలా ఒక ప్లాస్టిక్ కార్డు ఇచ్చారు. గది తలుపు తెరిచేది అదే, ఏదన్నా కొంటే ఖాతాలో రాసుకునేదీ అదే. ఆ ఖాతా వెనక ఉన్నది ఆమె బ్యాంకు ఖాతా.

గదిలో బల్ల మీద నీళ్ళ సీసా ఉంది. దాని మెడకి చీటీ వేలాడుతోంది. నాన్నకి అక్షరాలు రావు గానీ అంకెలు బాగా వచ్చు. చూశాడు. పెదవులు కదిపి లెక్కేశాడు. చెయ్యి కాలినట్టు సీసాని మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"పన్నెండు చొక్కాలు! నీళ్ళకే?"

మధ్యాహ్నం భోజనానికి వెళితే వడ్డించే మనిషిని మూడుసార్లు అడిగాడు, "దీనికి డబ్బేమీ లేదుగా?" అని. నీడలో కుర్చీ కనబడితే కూర్చోలేదు, దానికి అద్దె ఉంటుందేమోనని. నిలబడే ఉన్నాడు. ఇలాగైతే ఈ మనిషి ఆరు రోజులూ ముళ్ళ మీదే ఉంటాడు. అప్పుడు ఆమె నోటికి ఆ మాట వచ్చింది.

"నాన్నా, నేను అన్నీ ముందే కట్టేశాను. ఈ ఓడలో ఏం ముట్టుకున్నా మనకి ఊరికే."

"ఏదైనా?"

"ఏదైనా."

"ఆ చీటీలో రేటు ఉందే మరి?"

"అది కట్టనివాళ్ళకి."

అబద్ధమే. కానీ ఆమె లెక్క ఆమెకుంది. నాన్న అడిగి అడిగి ఏం అడుగుతాడు? రెండు కాఫీలు, ఒక సోడా. నలభై చొక్కాల్లో సరిపోతుంది. ఆయన కోరికలు చిన్నవని ఆమెకి తెలుసు. ఆ నమ్మకంతోనే అనేసింది.

రెండు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. నాన్న పై అంతస్తులో పడక కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. కట్టు మీద ఎండ పడుతుంటే అమ్మ తువ్వాలు కప్పింది.

"ఏమయ్యోయ్, మహారాజా! కాళ్ళు పట్టమంటారా?" అంది అమ్మ.

"నువ్వు పట్టకు. ఇక్కడ అన్నీ ఊరికేనట. ఎవర్నన్నా పంపమని మీ అమ్మాయిని అడుగు."

అమ్మ పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. సాయంత్రం కట్టు మారుస్తూ చూస్తే పుండు అంచులు పొడిగా ఉన్నాయి. ఆమె నోటుపుస్తకంలో ఆ రోజు ఖర్చు ఇరవై నాలుగు చొక్కాలే. మిగిలిన డబ్బుతో దిగాక నాన్నకి మెత్తటి చెప్పులు కొందామనుకుంది. కొట్టు తాళం ఎక్కడ దాచాలో కూడా ఆలోచించింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె, అమ్మ పాటల కచేరీ విని గదికి వచ్చేసరికి నాన్న మంచం మీద ముసిముసిగా నవ్వుతూ కూర్చున్నాడు. అలమర తలుపు తెరిచి ఉంది. హ్యాంగర్లు ఖాళీ.

"బట్టలేవయ్యా?" అంది అమ్మ.

"పంపించా. అందులో ఒక సంచి ఉంది, దాని మీద చొక్కా బొమ్మ. గది సర్దే ఆయన్ని సైగ చేసి అడిగితే, బట్టలు పెట్టి ఇస్తే ఉతికి ఇస్త్రీ చేసి తెస్తారన్నాడు. మొత్తం పెట్టేశా. మీవి కూడా."

ఆమె అలమర తలుపు పట్టుకుని ఖాళీ హ్యాంగర్లు లెక్కపెట్టింది.

"అది కాదే తల్లీ," నాన్న గొంతు కొంచెం సిగ్గుపడింది. "పుట్టి బుద్ధెరిగాక ఇంకొకడు ఇస్త్రీ చేసిన చొక్కా నేను తొడుక్కోలేదు. ఎలా ఉంటుందో చూద్దామని. ఎలాగూ ఊరికేగా?"

ఆమె చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా కింది అంతస్తుకి పరిగెత్తింది. లెక్కల కౌంటరులో అమ్మాయి తెర మీద చూసి తల అడ్డంగా ఊపింది.

"పన్నెండు బట్టలు మేడమ్. ఉతకడానికి వేసేశారు. ఇప్పుడు ఆపలేం."

"మా నాన్నకి తెలీదండీ. రేటు ఉందని తెలీదు."

"సంచి మీదే రాసుంది కదా మేడమ్."

"రాసుంది. రేట్లు మాకు కావని నేనే చెప్పాను."

ఆ అమ్మాయి ఏమనాలో తెలియక తెరని ఆమె వైపు తిప్పింది. ఒక్క చొక్కా రేటు నాన్న ముప్ఫై చొక్కాలకి తీసుకునేంత. ప్యాంటుకి ఇంకా ఎక్కువ. మొత్తం మూడు వందల ఎనభై చొక్కాలు. ఆరు రోజుల పై ఖర్చంతా కలిపి ఆమె రాసుకున్నది రెండు వందల నలభై. ఆమె కూడా నాన్నలాగే లెక్కేస్తోందని అప్పుడు గమనించుకుంది. ఒక్క ఉపకారం అడిగింది: బిల్లు గదికి పంపొద్దని. పంపబోమని ఆ అమ్మాయి మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా.

కానీ ప్రతి హ్యాంగరుకీ ఒక చిన్న చీటీ ఉంటుందని ఇద్దరికీ తట్టలేదు.

నాలుగో రోజు పొద్దున ఆమె నాన్నకి టిఫిను పళ్ళెంలో పెట్టుకుని వచ్చేసరికి బట్టలు వచ్చేసి ఉన్నాయి. పల్చటి కాగితం చుట్టి, వరసగా తగిలించి. నాన్న తన నీలం చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో పన్నెండు చీటీలు పేకముక్కల్లా పట్టుకుని ఉన్నాడు. అమ్మ ఆ మూల కూర్చుని నేల చూస్తోంది.

"చెయ్యి మంచిదే," అన్నాడు నాన్న కఫ్ తడుముతూ. "కాలరు మాత్రం పైనుంచి నొక్కాడు. లోపలి వైపు ముందు చెయ్యాలి. తెలీదు వాడికి."

"నాన్నా..."

"కట్టనివాళ్ళకి రేటు అన్నావు. మనం కట్టామన్నావు. కడితే ఈ చీటీలు మనకెందుకొచ్చాయి తల్లీ?"

ఆమెకి ఒక్కటంటే ఒక్క అబద్ధం దొరకలేదు. ఏడుపొచ్చింది. నాన్న కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన మెల్లగా బొత్తాలు విప్పి, ఆ చొక్కా మళ్ళీ హ్యాంగరుకి తగిలించి, నిన్నటి మాసిన బనీను వేసుకున్నాడు.

"నీళ్ళు కూడా?" అని అడిగాడు.

"...ఆఁ."

"కాఫీ?"

"ఆఁ."

"సోడా నాలుగు తాగాను నేను," అన్నాడు. ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

"తాగితే ఏమైంది?" అమ్మ ఉండబట్టలేక అంది. "పిల్ల నీ కాలి కోసం తెచ్చిందయ్యా. నోరు మూసుకుని తొడుక్కో ఆ చొక్కా."

ఆయన తొడుక్కోలేదు. ఆ రోజు గది దాటి రాలేదు. టికెట్టులో కలిసిన భోజనానికి కూడా రానన్నాడు. అవి నిజంగానే ఊరికేనని ఆమె ప్రమాణం చేసి చెబితే, వినీ విననట్టు గోడ వైపు తిరిగాడు.

అయిదో రోజు ఆమె లేచేసరికి ఆయన మంచం మీద లేడు. పై అంతస్తు, భోజనశాల, మెట్లు అన్నీ వెతికింది. ఎనిమిదో అంతస్తు వసారా చివర ఒక ఇరుకు గది ఉంది. ప్రయాణికులు తమ బట్టలు తామే ఉతుక్కోవడానికి రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. ఆ ఆవిరి వాసన ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. లోపలికి చూడకుండానే ఎవరున్నారో అర్థమైపోయింది.

నాన్న బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఎడమ కాలు కాస్త ఎత్తి, బరువంతా కుడి కాలి మీద వేసి, ఎప్పుడూ నిలబడే పద్ధతిలో. పక్కన మిషన్ మీద చొక్కాలు గుట్టగా ఉన్నాయి. గుమ్మంలో ఇద్దరు చేతుల్లో బట్టలతో ఎదురు చూస్తున్నారు. వాళ్ళలో ఒక బట్టతల పెద్దాయన ఆమెతో సంబరంగా అన్నాడు, "మీ నాన్నగారా అమ్మా? భలే చెయ్యి! కింద ఇస్తే జేబు గుల్ల. ఈయన దాదాపు ఊరికే చేస్తున్నాడు."

"నాన్నా, ఆపు."

"ఇరవై తొమ్మిది అయ్యాయి," అన్నాడు ఆయన తలెత్తకుండా.

"నీకు దండం పెడతా. కాలు చూసుకున్నావా? మేజోడు తడిసింది."

"నీళ్ళు చిలికి ఉంటాయి."

నీళ్ళు కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె గొంతు తగ్గించి, కోపంగా అడిగింది, "పోనీ చేస్తే చేశావు, ఎంత తీసుకుంటున్నావు?"

"మన రేటే."

"మన రేటా? కింద వాళ్ళు దానికి ముప్ఫై రెట్లు తీసుకుంటున్నారు నాన్నా! అందులో సగం అడిగినా ఇస్తారు. ఇంకో పాతిక చొక్కాలతో అయిపోతుంది!"

నాన్న మొదటిసారి తలెత్తాడు. ఆయన ముఖంలో నిజమైన ఆశ్చర్యం.

"ఒక చొక్కాకి అంత ఎలా అడుగుతానే? చేసింది నేనేగా. ఎంత పనో నాకు తెలీదా?"

ఆ లెక్క ఆమె చదివిన చదువులో లేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఇస్త్రీ పెట్టె కింద పెట్టినప్పుడల్లా ఆయన వంగి ఎడమ కాలు రుద్దుకోవడం కనబడింది. ఆపలేనని తెలిశాక, కనీసం తొందరగా అవనిద్దామని లోపలికి వెళ్ళి, చేసిన చొక్కాలు మడత పెట్టడం మొదలెట్టింది. రెండు చేతులూ వెనక్కి, కాలరు పైకి. పదేళ్ళ వయసులో నేర్చుకున్న మడత చేతులు మర్చిపోలేదు.

"ఆఫీసరమ్మకి గుర్తుందే," అన్నాడు నాన్న. ఆ రోజు ఆయన నవ్వింది ఆ ఒక్కసారే. ఆ నవ్వు ఆమెకి కత్తిలా దిగింది.

సాయంత్రానికి పర్యవేక్షకుడు వచ్చి, ఓడలో ఇలా డబ్బు తీసుకుని పని చెయ్యకూడదని మర్యాదగానే చెప్పి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేశాడు. అప్పటికి అరవై మూడు అయ్యాయి. గదికి వచ్చాక నాన్న చిల్లర నోట్లు సాపు చేసి, అవి కూడా ఇస్త్రీ చేసినంత నున్నగా, ఆమె చేతిలో పెట్టాడు.

"రాసుకో. మూడు వందల ఎనభైలో అరవై మూడు పోను?"

"మూడు వందల పదిహేడు."

"సోడాలు, కాఫీలు కలుపు."

ఆమె కలిపి చెప్పింది. నాన్న తలాడించాడు. "సరే. మిగతావి ఇంటికెళ్ళాక."

కొట్టు తాళం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ మిగతావి అయ్యాక ఇంకొకటేదో ఉంటుంది. ఎప్పుడూ ఉంటూనే వచ్చింది. అమ్మ కట్టు విప్పితే పుండు పాత సైజు కంటే పెద్దదై ఉంది. ముగ్గురూ దాన్ని చూశారు. అమ్మ కొత్త గుడ్డ చుట్టింది.

ఆరో రోజు పొద్దున ఓడ ఒడ్డు చేరింది. దిగేవాళ్ళ వరస చాలా పొడుగ్గా ఉంది. ఒడ్డుకి దింపే వాలు బల్ల ఇంకా పొడుగు. నాన్న ఒంటికాలి మీద బరువు వేసి, చేతిలో సంచితో నిలబడ్డాడు. ఆయన నడక చూసి, ఓడ సిబ్బందిలో ఒకావిడ చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది.

"కూర్చోండి తాతగారూ. కిందదాకా నేను దింపుతాను."

నాన్న కుర్చీని చూశాడు. దాని చేతులు, చక్రాలు, వెనకున్న జేబు, ఎక్కడన్నా చీటీ వేలాడుతోందేమోనని.

"దీనికెంత?"

"ఏమీ లేదండీ. ఊరికే."

నాన్న తిరిగి కూతురి వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. అడుగుతున్నాడు, అంతే. ఆమె నోరు తెరిచింది. నిజంగానే నాన్నా, ఇది నిజంగానే అని చెప్పబోయింది. ఆ మాట ఇంతకుముందు తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆయనకీ గుర్తుంది, తనకీ గుర్తుంది.

"వద్దులెండి," అన్నాడు నాన్న ఆవిడతో. సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, కమ్మీ పట్టుకుని, మొదటి అడుగు వేశాడు.

ఆవిడ ఎందుకైనా మంచిదని ఖాళీ కుర్చీ తోసుకుంటూ వాళ్ళ వెనకాలే వాలు చివరిదాకా వచ్చింది.