బర్నబా వద్దన్న గుక్క

నేను ఒక గిన్నెను. అన్నం తినే గిన్నెను కాదు. చినవేమవరం చర్చిలో ప్రభువు బల్ల మీద నిలబడి, నెలకొక ఆదివారం ద్రాక్షరసంతో నిండిన గిన్నెను. అందరూ నన్ను వెండిదనే అనేవారు. లోపల ఇత్తడి, పైన వెండి పూత. ఈ సంగతి నన్ను చేసినవాడికీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. అందుకు నాకేం సిగ్గు లేదు. ఆ చర్చిలో పైపూత నాకొక్కదానికే ఉంటే సిగ్గుపడేదాన్ని.

నన్ను సుత్తితో కొట్టి, సాన పట్టి, గుండ్రంగా తీర్చినవాడు ఎక్కడా తన పేరు చెక్కుకోలేదు. కొన్నాయన చెక్కించుకున్నాడు. ఆయనొక సంఘ పెద్ద. కోత పండుగనాడు నన్ను కానుకగా ఇస్తూ, నా అడుగున తన పేరూ తండ్రి పేరూ ఇంటిపేరుతో సహా వేయించాడు. ప్రభువు పేరుకి చోటు మిగల్లేదు. అడుగున ఉంటే ఎవరికి కనపడుతుందిలే అనుకోకండి. ఒకరు నన్ను ఎత్తి తాగుతుంటే ఎదుటివాడికి కనపడేది ఆ పేరే. ఆయన లెక్క ఆయనకుంది.

మీరు మనుషుల్ని ముఖం చూసి గుర్తుపడతారు. నేను పెదాలను బట్టి గుర్తుపడతాను. చుట్ట కాల్చే పెదాలు, ఎండకి పగిలిన కూలి పెదాలు, మొదటిసారి బల్ల తీసుకుంటూ, అంటే నాలోని రసం పుచ్చుకుంటూ అదిరే ఆడపిల్లల పెదాలు, ఇంట్లో పోట్లాడి వచ్చిన పెదాలు అన్నీ నా అంచుకి తెలుసు. నలుగురు తాగాక సత్యానందం అయ్యగారు తెల్లగుడ్డతో నా అంచు తుడిచేవారు. అయ్యగారంటే మా పాస్టరు. చక్కని గొంతు, చక్కని ఇస్త్రీ బట్టలు, ఎవరితోనూ మాట పడని మనిషి. చర్చి గేటు మీద ‘మద్యం ముట్టని సంఘం’ అని బోర్డు రాయించింది ఆయనే.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. మనసులో పాపం పెట్టుకున్నవాడు బల్ల తీసుకోకూడదు. కాబట్టి బల్ల తీసుకోనివాడి మనసులో పాపం ఉన్నట్టే. మొదటి మాట లేఖనాల్లోది. రెండోది మావాళ్లు కలుపుకున్నది. ఎవరైనా గిన్నె వద్దని పక్కకి జరిగితే చాలు, ఆ పాపం ఏమిటో, ఎప్పటినుంచో, ఎవరితోనో మధ్యాహ్నం భోజనాల వేళకి ఊరు తేల్చేస్తుంది.

బర్నబా తాపీ మేస్త్రి. మంచి పనివాడు. తాగేవాడు. మామూలు తాగుడు కాదు. ఒక క్రిస్మసుకి కూతురు బ్యూలాకి కొన్న కొత్త గౌను మడత విప్పకముందే అమ్మేసి తాగాడు. భార్య దోర్కమ్మ ఆ మర్నాడే నాలుగేళ్ల పిల్లని చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. సంఘం బర్నబాని బల్లకు దూరం పెట్టింది. వెనక బెంచీలో కూర్చుని, గిన్నె తనదాకా వచ్చి దాటిపోతుంటే తల దించుకునేవాడు.

ఆ తర్వాత మానేశాడు. ఏ ప్రార్థన పనిచేసిందో నాకు తెలియదు. పద్నాలుగు నెలలు చుక్క ముట్టలేదు. పనికి దగ్గరదారి సారా కొట్టు ముందు నుంచి పోతుందని, తాపీ సంచి భుజానేసుకుని కాలవగట్టు చుట్టూ తిరిగి వెళ్లేవాడు. రోజూ అరగంట ఎక్కువ నడక. ఆ అరగంటా అతను దేవుడితో ఏం మాట్లాడుకునేవాడో గానీ, ముఖం తేటపడింది.

అయ్యగారు దోర్కమ్మ అన్న ఇశ్రాయేలు దగ్గరకి మనిషిని పంపి రాజీ కుదిర్చారు. ఇశ్రాయేలు ఒక్కటే అడిగాడు.

“సంఘం ఎదుట బావని బల్ల తీసుకోమనండి అయ్యగారూ. అదే మాకు గుర్తు. ఆ పూటే చెల్లెల్నీ పిల్లనీ పంపిస్తా.”

ఈస్టరు దాటాక వచ్చే ఆదివారానికి ముహూర్తం పెట్టారు. ఒక్క గుక్క తాగితే పెళ్లాం పిల్ల ఇంటికొస్తారు. ఆ గుక్క నాలో ఉంటుంది. నాకు కూడా గర్వంగానే ఉండింది.

ఇక అమ్మగారి సంగతి చెప్పాలి. అయ్యగారి భార్య. మంచితనంతో కూడా కొంపలు మునుగుతాయని ఆవిడని చూశాకే నాకు తెలిసింది. ప్రతిసారీ శనివారం సాయంత్రం నల్లద్రాక్ష ఉడికించి, పంచదార వేసి, వడకట్టి ఉంచేది. ఈసారి తప్పిపోయిన మనిషి తిరిగొస్తున్నాడన్న సంబరంలో సోమవారమే మేలురకం ద్రాక్ష తెప్పించింది. సోమవారమే ఉడికించింది. గాజు జాడీలో పోసి, రోజూ మూత తీసి, గరిటెతో కలిపి, రుచి చూసి మూత పెట్టింది. ఏప్రిల్ ఎండలు. ఆ వారం కరెంటు కూడా సరిగా లేదు. శుక్రవారానికి నురగ లేచింది. మంచి పండు కదా, అందుకే నురగ వస్తోందనుకుంది పిచ్చితల్లి. జన్మలో మద్యం వాసన చూసిన మనిషి కాదు.

ఆదివారం ఆ రసాన్ని నాలో పోశారు. పోసిన మరుక్షణమే నాకు తెలిసింది. నేను నోరున్నదాన్నే గానీ మాట లేనిదాన్ని.

ముందు పెద్దలు తాగారు. అందులో ఒకాయన ఎప్పుడూ పెదవి తడిపి వదిలేసేవాడు, ఆ వేళ రెండు గుక్కలు నిండుగా వేసి, కళ్లు మూసుకుని ‘ఆమెన్’ అన్నాడు. తర్వాత బెంచీల వరసన మగవాళ్లూ ఆడవాళ్లూ కాస్త పుల్లగా ఉందనుకుని మింగేశారు. ఆఖరున అయ్యగారు బర్నబాని ముందుకి పిలిచారు. తెల్లచొక్కా వేసుకుని వచ్చి మోకరించాడు. ఆడవాళ్ల వైపు దోర్కమ్మ పిల్లని ఒళ్లో పెట్టుకుని, మెడ చాచి చూస్తోంది. గోడవారన ఇశ్రాయేలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బర్నబా రెండు చేతులా నన్ను పట్టుకుని పెదాల దాకా తెచ్చుకున్నాడు. ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరి మధ్యలో ఆగిపోయింది.

ఆ క్షణం నేను మరిచిపోలేను. అతని ఒంట్లో ప్రతి నరం తాగమంది. పద్నాలుగు నెలల దాహం ఒక్కసారి లేచి కూర్చుంది. బయటి కొట్టు దగ్గరైతే పారిపోయేవాడు, ఇక్కడ ఎటు పారిపోతాడు? సంఘం తాగమంటోంది. పెళ్లాం చూపు తాగమంటోంది. ప్రభువు బల్లే తాగమంటోంది. అరణ్యంలో సైతాను ప్రభువుని శోధించినప్పుడు లేఖనాలు వల్లించి మరీ శోధించాడట. దానర్థం నాకు ఆ రోజు బోధపడింది. తాగినా ఎవరూ తప్పనరు. అందరూ మెచ్చుకుంటారు. ఆ ఒక్క గుక్క ఎక్కడిదాకా లాక్కుపోతుందో తెలిసినవాడు ఆ చర్చిలో అతనొక్కడే.

అతని కన్నీటి బొట్టు ఒకటి నాలో పడింది. “ప్రభువా” అన్నాడు, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా. నన్ను అయ్యగారి చేతికి తిరిగి ఇచ్చేశాడు.

“నా వల్ల కాదండీ” అన్నాడు.

ఎంతోమంది భక్తుల పెదాలు నన్ను తాకాయి. దేవుణ్ణి నిజంగా ఆనుకుని నిలబడ్డ మనిషిని చూసింది ఆ రోజే. చర్చి మాత్రం గుసగుసల్తో నిండిపోయింది. “మళ్లీ మొదలెట్టాడే” అంది ఒక గొంతు. “రాత్రే తాగి ఉంటాడు, అందుకే భయపడ్డాడు” అంది ఇంకోటి. దోర్కమ్మ పిల్లని గుండెకి అదుముకుంది.

అయ్యగారు ఎప్పుడూ అందరికంటే ఆఖరునే తాగుతారు. ఆరాధన అయ్యాక వెనకగదిలో మిగిలిన రసం ఆయనే తాగాలి, పారబోయకూడదు. నన్నెత్తారు. ఒక గుక్క దిగింది. ముఖం మారిపోయింది. అయ్యగారి తండ్రి తాగి తాగి పోయినవాడు. ఆ వాసన ఆయనకి ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు.

గుమ్మంలో బర్నబా నిలబడ్డాడు.

“అయ్యగారూ, అది పులిసిందండీ. కల్లు కంటే ఘాటుగా ఉంది. మీరొక్క మాట చెప్పండి. మా ఇశ్రాయేలు బావ ఆటో ఇంకా గేటు దగ్గరే ఉంది.”

ఆటో శబ్దం నాకూ వినపడుతోంది. పిల్ల ఏడుపు కూడా. అయ్యగారు బయటికెళ్లి ‘ఆగండి’ అంటే చాలు. కానీ ఆ మాట అంటే, రెండువందల మంది చేత దేవుడి బల్ల దగ్గర మద్యం తాగించానని ఒప్పుకోవాలి. గేటు మీద బోర్డు ఉంది. ఆయన నావైపు చూడలేదు.

“ప్రభువు బల్ల మీద పెట్టినదాన్ని పులిసిందంటావా? నోరు కడుక్కో బర్నబా. నీ తప్పు కప్పుకోడానికి దేవుడి మీదికి నెడతావా?”

ఆటో వెళ్లిపోయింది. అయ్యగారు నన్ను మూడుసార్లు కడిగారు.

బర్నబా నిజం చెప్పడం మానలేదు. చెప్పిన కొద్దీ పాపం పెరిగింది. ముందు తాగుబోతు, ఇప్పుడు దైవదూషకుడు కూడా. సిలువ వేసే ముందు ప్రభువుకి ఏదో కలిపిన ద్రాక్షరసం ఇస్తే రుచి చూసి వద్దన్నాడని అయ్యగారే మంచి శుక్రవారాల్లో చెబుతారు. ప్రభువుని మాత్రం ఎవరూ బల్లకు దూరం పెట్టలేదు.

నాలుగు నెలలు గడిచాక అయ్యగారు ఇంకో మార్గం చూపించారు. ఆ రోజు తాగి వచ్చానని సంఘం ఎదుట ఒప్పుకుంటే చాలు, క్షమించి బల్లలో చేర్చుకుంటారు. ఇశ్రాయేలు కూడా సరేనన్నాడు. మా వెనకగదిలోనే మొగుడూ పెళ్లాల్ని మాట్లాడుకోమని వదిలారు.

దోర్కమ్మ తలుపు దగ్గరగా వేసింది.

“నువ్వు తాగలేదని నాకు తెలుసయ్యా” అంది.

బర్నబా తలెత్తాడు. నాలుగు నెలల్లో అతన్ని నమ్మిన మొదటి మనిషి.

“ఎట్టా తెలుసు?”

“నేనూ తాగాగా ఆ గిన్నెలో. గొంతు మండింది. ఇంటికి పోయేదాకా తల తిరిగింది.”

“మరి చెప్పవేందే?”

“చెబితే ఎవరు నమ్ముతారు? నిన్ను నమ్మారా? ఇప్పుడది కాదు. తాగానని చెప్పెయ్. ఒక్క మాట. పిల్లకి జొరం వస్తే నాయన కావాలని ఏడుస్తంది. మా వదిన రోజూ దెప్పుతోంది. నేనింక ఆ ఇంట్లో ఉండలేనయ్యా.”

“ఆ రోజు దేవుడు నా చెయ్యి పట్టుకున్నాడు దోర్కా. లేకపోతే నా వల్లయ్యేదా? పట్టుకోలేదని చెప్పమంటావా?”

“ఆయనకి తెలుసుగా” అంది ఆమె. “మడుసులకి తెలియకపోతే ఏం పోయింది?”

ఆమె అడిగినది తన ఒక్కదాని కోసం కాదు. సారా వాసనని ఎదిరించడం బర్నబా నేర్చుకున్నాడు. పెళ్లాం ఏడుపుని ఎదిరించడం ఎవరూ నేర్పలేదు. నేను అతన్ని తప్పుపట్టలేను. కానీ అతను సరేనని తలూపినప్పుడు నా పూత ఒలిచినట్టయింది.

ఆ ఆదివారం బర్నబా సంఘం ఎదుట నిలబడి, తాగి వచ్చానని చెప్పాడు. దేవుడి బల్లని నిందించానన్నాడు. క్షమించమన్నాడు. ప్రభువెవరో తెలియదని పేతురు అబద్ధమాడినప్పుడు కోడి కూసిందట. మా ఊళ్లో ఆ ఉదయం ఏ కోడీ కూయలేదు. హల్లెలూయలు మోగాయి. అయ్యగారు అతని తల మీద చెయ్యి పెట్టి, “ఇదిగో, శోధనని జయించిన మనిషి” అన్నారు. ఆయన గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. ఆ నెల రసం శనివారం సాయంత్రం చేసినదే, తియ్యగా ఉంది. బర్నబా తాగాడు. దోర్కమ్మ ఆ సాయంత్రమే ఇంటికొచ్చింది.

అప్పటినుంచి ఏటా ఉపవాస దినాల్లో బర్నబా చేత సాక్ష్యం చెప్పిస్తారు. ఎలా పడ్డాడో, ఎలా లేచాడో. ఎవరో అడిగారని ఏ కొట్టులో తాగాడో కూడా చెప్పడం మొదలుపెట్టాడు. అతను ఇప్పటికీ తాగడు. పనికి కాలవగట్టు చుట్టూ తిరిగే వెళతాడు. దారిలో దేవుడితో మాట్లాడతాడో లేదో నాకు తెలియదు.

తర్వాత చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులొచ్చాయి, ఎవరి గుక్క వాళ్లదే. నన్ను వెనకగది అలమారలో పాత పాటల పుస్తకాల పక్కన పెట్టారు. పూత చాలాచోట్ల పోయింది. ఇప్పుడు చూసినవాళ్లెవరూ నన్ను వెండి అనరు.

ఆ గదిలోనే ఆదివారం పిల్లల బడి. మొన్నొక వారం పాఠం శోధన గురించి. మీకు తెలిసినవాళ్లలో శోధనలో పడినవాళ్ల గురించి చెప్పండి అంది టీచరమ్మ. బ్యూలా లేచింది. ఇప్పుడు పదేళ్లు.

“మా నాన్నండీ. నన్నూ అమ్మనీ ఇంటికి తీసుకెళ్లాల్సిన రోజు తాగి చర్చికొచ్చాడు. అందుకే మమ్మల్ని తీసుకెళ్లలేకపోయాడు.”

“తర్వాత జయించాడు కదమ్మా” అంది టీచరమ్మ.

“తర్వాత జయించాడండీ. ఆ రోజు మాత్రం ఓడిపోయాడు.”

పిల్లని తీసుకెళ్లడానికి వచ్చిన బర్నబా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. టీచరమ్మ కంగారుగా చూసింది. బ్యూలా వెనక్కి తిరిగి, “కదా నాన్నా?” అని అడిగింది.

“అవునమ్మా” అన్నాడు బర్నబా.